పాలకొల్లు నుంచి జిద్దా ఎంత దూరం?

పాలకొల్లు నుంచి మక్కాకు నేరుగా గీత గీస్తే దాదాపు 4,400 కిలోమీటర్లు. కువైట్‌కు 3,700. కరాచీకి 1,800. రంగూన్‌కు 1,500 పైచిలుకు. ఢిల్లీకి 1,400. గ్లోబు మీద దారం పెట్టి ఎవరైనా కొలుచుకోవచ్చు. మన దేశ రాజధానీ, ఒకప్పుడు మన జిల్లాల కూలీలు బారులు తీరి వెళ్ళిన రంగూనూ పాలకొల్లుకు దాదాపు ఒకే దూరంలో ఉన్నాయన్న సంగతి బళ్ళో భూగోళం చెప్పిన మాస్టార్లెవరూ మాకు చెప్పలేదు.

అంకెలతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. తెలుగు ముస్లింను ఈ సమాజం ఎప్పుడూ ఏదో ఒక దూరంతోనే కొలుస్తుంది. 'మీ వాళ్ళు అక్కణ్ణించి వచ్చినవాళ్ళేగా' అంటారు. 'మీ మనసంతా అక్కడే ఉంటుందిగా' అంటారు. మరీ కోపమొస్తే 'అక్కడికే పోండి' అంటారు. ఈ మూడు మాటల్లోని 'అక్కడ' ఒకటే ఊరు కాదు. మొదటిది ఏ తురుష్కదేశమో అన్నవాడికే తెలీదు. రెండోది మక్కా. మూడోది కరాచీయో లాహోరో. మూడింటినీ కలిపి ఒకే ఊరు చేసి, ఆ ఊరిని మా ఇంటి గుమ్మం మీద బోర్డులా తగిలిస్తారు. కిలోమీటర్లు మాత్రం చెప్పరు. ఎన్నాళ్ళ ప్రయాణమో, ఏ దారిన వెళ్ళాలో, ఆ దారిన ఇంతకు ముందు ఎవరెవరు వెళ్ళారో చెప్పరు. ఈ వ్యాసంలో ఆ లెక్కే చూద్దామనుకుంటున్నాను. ముఖ్యంగా మక్కా లెక్క. దానికి రేవు జిద్దా, విమానాశ్రయమూ జిద్దాయే.

ముందు దిక్కు సంగతి. మనవైపు నమాజు చేసేవాడు పడమటికి తిరుగుతాడని అందరికీ తెలుసు. కచ్చితంగా లెక్కగడితే పాలకొల్లు నుంచి కాబా ఉన్నది సరిగ్గా పడమర కాదు. పడమర నుంచి ఉత్తరానికి పద్నాలుగు డిగ్రీలు వాలి ఉంటుంది. మా వైపు తిరిగి నమాజు చేసేవాడు మనసులో దేశం వదిలి వెళ్ళిపోయాడని అనుమానించేవాళ్ళ కోసం మరొక లెక్క కూడా ఉంది. భారతదేశపు గడియారం 82½ డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది. ఆ రేఖ కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. పాలకొల్లు దానికి డిగ్రీకి తక్కువ దూరంలో ఉంది. అందువల్ల సూర్యుడు సంవత్సరం పొడుగునా కాస్త ముందువెనకలయ్యేది తీసేస్తే, పాలకొల్లు మిట్టమధ్యాహ్నానికీ దేశం గడియారానికీ ఉన్న తేడా మూడే మూడు నిమిషాలు. మా జొహర్ నమాజు వేళ ఢిల్లీ కంటే, బొంబాయి కంటే దేశం గడియారానికి దగ్గరగా ఉంటుంది. కొలతలంటూ మొదలుపెడితే ఇలాంటివి కూడా బయటపడతాయి మరి.

ఇక చరిత్ర. మక్కా దారి గోదావరి డెల్టాకు పరాయి దారి అని ఎవరైనా అంటే వాళ్ళు నర్సాపురం చరిత్ర చదవలేదన్నమాట. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. అక్కణ్ణించి తూర్పున పెగూకూ అరకాన్‌కూ అచేకూ, పడమట గోంబ్రూన్‌కూ, అంటే ఇప్పటి బందర్ అబ్బాస్‌కూ, ఎర్రసముద్రంలో మోఖాకూ ఓడలు నడిచేవి. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ తరఫున ఉన్న విలియం మెథ్వోల్డ్ ఈ రాకపోకల్ని రాసిపెట్టాడు. ఎర్రసముద్రం ఓడ జనవరిలో బయలుదేరేది. సెప్టెంబరులోనో అక్టోబరులోనో తిరిగి వచ్చేది. దానితోపాటు గోల్కొండ సుల్తాను ఏటా బియ్యం దానంగా పంపేవాడు. ఆ బియ్యం ఏ నేలలో పండి ఉంటాయో రెండు డెల్టాల మధ్య ఉన్నవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

జనవరి నుంచి అక్టోబరు అంటే తొమ్మిది నెలలు. అందులో నీళ్ళ మీద గడిచేది కొంతే. మిగతాదంతా గాలి కోసం కాచుకోవడం. ఈశాన్యపు గాలి పట్టుకుని వెళ్ళాలి, నైరుతి గాలి పట్టుకుని రావాలి. గాలి లెక్క సౌరమానం. హజ్ లెక్క చాంద్రమానం. ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. ఈ రెండు పంచాంగాలకూ పొత్తు కుదరని సంవత్సరాల్లో యాత్రికుడు వసంతంలో దిగి, హజ్ కోసం నెలల తరబడి ఆ ఎడారిలోనే ఉండి, మరుసటి ఏడాది ఓడలో రావలసి వచ్చేది. అందుకే మన పెద్దల భాషలో హజ్‌కు 'పోవడం' వేరు, 'వెళ్ళిరావడం' వేరు.

నగల వర్తకుడు టావెర్నియే 1652 మే 11న గోంబ్రూన్‌లో గోల్కొండ సుల్తాను ఓడ ఎక్కి జులై 2న మచిలీపట్నంలో దిగాడు. యాభై రెండు రోజులు. మోఖా అంతకంటే దూరం. ఆ ఓడ ఏటా ఇక్కడి నుంచి సన్నబట్టలూ అద్దకాలూ పర్షియాకు తీసుకెళ్ళేదని ఆయనే రాశాడు.

ఇప్పుడు పాలకొల్లు దగ్గరికి రండి. పన్నెండు కిలోమీటర్లకు లోపే నర్సాపురం. ఆ కాలంలో కోరమండల్ తీరంలో ఓడలు కట్టడానికీ బాగుచెయ్యడానికీ పేరుపడ్డ చోటు అది. 1670లలో ఈ తీరం తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు నర్సాపురం కలప గురించీ, ఇనుము గురించీ, అక్కడి వడ్రంగుల పనితనం గురించీ మెచ్చుకుంటూ రాశాడు. కలప గోదావరి మీద ఎగువ నుంచి తేలి వచ్చేది. పక్కనే మాధవాయపాలెం. ఇంగ్లీషువాళ్ళ నోట్లో అది మడపోలం అయి, ఒక రకం తెల్లబట్టకు ప్రపంచమంతటా అదే పేరు స్థిరపడింది. పాలకొల్లులో డచ్చివాళ్ళ కోఠీ. బట్టల కోసం, నీలిరంగు అద్దకం కోసం వాళ్ళు ఇక్కడ కూర్చున్నారు. 1824 ఒప్పందం తర్వాత 1825లో తూర్పుతీరంలోని తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకు అప్పగించేదాకా ఊళ్ళో వాళ్ళ ఉనికి ఉంటూ పోతూ వచ్చింది.

దేవాంగులూ పద్మశాలీలూ నేసిన బట్ట. కోమట్ల బేరం. వడ్రంగులు, కమ్మర్లు, అగ్నికుల క్షత్రియుల వంటి సముద్రం తెలిసిన కులాలు. వీటన్నిటి మీదా ఆ పడమటి వ్యాపారం నిలబడింది. సుల్తాను దానపు బియ్యం, నేతగాడి బట్ట, ఏ నాలుగు రూకలో కూడబెట్టుకున్న యాత్రికుడి మూట ఒకే గాలికి ఒకే తెరచాప కింద వెళ్ళాయి. మన స్థానిక చరిత్రలు రాసినవాళ్ళు డచ్చివాళ్ళ గురించి పేజీలు నింపుతారు. ఆ బట్ట కట్టుకున్నదెవరో, ఓడలో బట్ట మూటల పక్కన కూర్చున్నదెవరో రాయరు. యూరపు నుంచి వచ్చిన దారి చరిత్ర అయింది. అరేబియాకు వెళ్ళిన దారి అనుమానం అయింది.

ఆ దారి మాకు మాత్రం సుఖంగా ఉందనుకోకండి. పోర్చుగీసువాళ్ళు సముద్రం తమ సొత్తన్నట్టు ప్రతి ఓడకూ 'కర్తాజ్' అనే అనుమతిపత్రం పెట్టారు. అది లేని ఓడను దోచేవాళ్ళు, లేదా ముంచేవాళ్ళు. దాని మీద మరియమ్మ, ఏసు బొమ్మలుండేవనీ, అలాంటి కాగితం పట్టుకుని వెళ్ళవలసి వస్తే హజ్ విధి కాదనీ అక్బరు కాలంలో ఒక పెద్ద ముల్లా ఫత్వా ఇచ్చాడని బదాయూనీ ఎద్దేవా చేస్తూ రాశాడు. వీసా గొడవలు ఇప్పటివి కావు.

'మీ వాళ్ళు అక్కణ్ణించి వచ్చినవాళ్ళేగా' అన్నదానికి కూడా ఇక్కడే జవాబు చెప్పాలి. రాజమండ్రి పెద్దమసీదు మీద హిజ్రీ 724, అంటే 1324 నాటి పర్షియన్ శాసనం ఉంది. అక్కడ అంతకుముందు గుడి ఉండేదన్న సంగతిని దాచిపెట్టవలసిన పనీ లేదు. ఢిల్లీ సైన్యాలు వచ్చాయి. గోల్కొండ అధికారులు వచ్చారు. ఇరానీ వర్తకులు మచిలీపట్నంలో స్థిరపడ్డారు. నిజమే. కానీ ఆ శాసనం చెక్కించిన సర్దారుకూ, పాలకొల్లు సంతలో విల్లు భుజాన వేసుకుని పరుపులకు దూది ఏకిన సాయిబుకూ చుట్టరికం కలిపిందెవరు? దూదేకులవాళ్ళ ఇంటిభాష తెలుగు. పేర్లలో సగం తెలుగు. పెళ్ళి తంతులో, పురుటి మైలలో ఇరుగుపొరుగు కులాలకూ వాళ్ళకూ ఉన్న పోలికలు చూస్తే వాళ్ళు ఏ ఓడా దిగలేదని ఎవరికైనా తెలుస్తుంది. దిగినవాళ్ళ పిల్లలు కొందరు, దిగనివాళ్ళ పిల్లలు చాలామంది కలిసి ఇవాళ ఒకే సఫ్‌లో నిలబడుతున్నారు. ఆ నిలబడ్డవాళ్ళందరికీ కలిపి ఒకే 'అక్కడ'ను అంటగడుతున్నారు. 1766లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయాక, కొలువులు పోయిన సాయిబులు ఎక్కడికీ తిరిగి వెళ్ళలేదు. వెళ్ళడానికి చోటు ఉంటే కదా. జట్కాలు తోలారు, గాజులు అమ్మారు, కుట్టుమిషన్లు పెట్టుకున్నారు.

ఆవిరి ఓడల కాలం వచ్చాక దారి మారిపోయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు అల్లుకున్నాయి. పాలకొల్లు మనిషి పడవెక్కి కాలవల మీద నిడదవోలు వైపు వెళ్ళవచ్చు, ఏలూరు కాలవ పట్టుకుని బెజవాడ దాకా పోవచ్చు. 1889లో నిజాం రైలు బెజవాడకు వచ్చింది. అక్కణ్ణించి సికింద్రాబాదు, వాడి మీదుగా బొంబాయి. 1869లో సూయజ్ కాలవ తెరుచుకోవడంతో ఎర్రసముద్రంలో ఆవిరి ఓడలు పెరిగాయి. 1877లో పుట్టిన బొంబాయి అండ్ పర్షియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ తర్వాత మొఘల్ లైన్‌గా పేరుపొంది, మన దేశపు హాజీలను తరతరాలుగా మోసింది. అంటే మచిలీపట్నం, నర్సాపురం రేవులకు ఈ దారిలో ఇక పని లేకుండా పోయింది. పడమటికి వెళ్ళాల్సినవాడు ఇంటిపక్క రేవు వదిలేసి, దేశం అడ్డంగా దాటి బొంబాయిలో సముద్రం పట్టుకోవాలి. దూరం తగ్గిందనుకుంటాం గానీ తగ్గింది రోజులే. ఇల్లు వదిలిన తర్వాత తెలిసిన ముఖం కనిపించని దూరం మాత్రం పెరిగింది.

బొంబాయిలో క్రాఫర్డ్ మార్కెట్టు దగ్గర సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో దిగేవాళ్ళు. టీకాలు, పాస్‌లు, ఓడ టిక్కెట్టు. ఓడలో వారం నుంచి రెండు వారాలు. 1882 నుంచీ ఎర్రసముద్రం ముఖద్వారం దగ్గర కమరాన్ దీవిలో దించి, బట్టలు ఆవిరిలో ఉడకబెట్టి, కొన్నాళ్ళు నిలబెట్టేవాళ్ళు. కలరా భయం. భయం అబద్ధం కాదు, కానీ మొదటి తరగతి ప్రయాణీకుడిని చూసిన చూపు వేరు, డెక్కు మీద పడుకున్న హాజీని చూసిన చూపు వేరు. ఇవన్నీ కలిపితే పాలకొల్లులో గడప దాటినవాడు మళ్ళీ గడప తొక్కడానికి మూడు నుంచి ఐదు నెలలు.

అందుకే పాతకాలంలో హజ్‌కు వెళ్ళేవాడు ముందుగా అప్పులు తీర్చేవాడు. పొలం గట్టు తగువులుంటే తేల్చుకునేవాడు. వాడవాడా తిరిగి 'కహా సునా మాఫ్' అని, మాటా మాటా అనుకున్నది క్షమించమని అడిగేవాడు. సాయిబుల్నే కాదు, అంగడి శెట్టినీ, పొలం కౌలుకిచ్చిన కామందునీ, పాలమ్మినావిడనీ అడిగేవాడు. కఫన్ గుడ్డ పెట్టెలో సర్దుకునేవాడు. పడవరేవు దాకా ఊరు ఊరంతా వెళ్ళేది. తిరిగొచ్చినవాడు తెచ్చిన జంజం నీళ్ళు చిన్న చిన్న సీసాల్లో హిందువుల ఇళ్ళకూ వెళ్ళేవి. కాశీ నుంచి వచ్చిన గంగలాగే వాళ్ళు కళ్ళకద్దుకునేవాళ్ళు. ఆ సీసా ఎంత దూరం నుంచి వచ్చిందని, దాని విధేయత ఎటని ఎవరూ అడిగినట్టు వినలేదు.

ఇదే కాలంలో డెల్టా జనం మరొకవైపు కూడా సముద్రం దాటారు. కాకినాడ నుంచి, విశాఖ నుంచి రంగూన్ స్టీమర్లు. మూడు నాలుగు రోజుల ప్రయాణం. వేలకు వేలమంది తెలుగు కూలీలు రంగూన్ ఓడరేవులో బస్తాలు మోశారు. అక్కడివాళ్ళు వీళ్ళను కొరంగీలన్నారు, కోరంగి రేవు పేరు మీద. 1930 మేలో రేవు పని దగ్గర మొదలైన గొడవలో బర్మా కూలీలు తెలుగు కూలీల మీద పడ్డారు. 'మీ ఊరికి పోండి' అన్నమాట తెలుగు హిందువు అక్కడ విన్నాడు. 1942లో జపాను బాంబులు పడ్డాక అడవుల్లో నడిచి నడిచి వెనక్కి వచ్చారు, రానివాళ్ళు దారిలోనే మిగిలిపోయారు. రంగూన్ నుంచి వచ్చిన కుటుంబాలను ఊళ్ళో 'రంగూనోళ్ళు' అని ముద్దుగానే పిలుచుకున్నారు. వాళ్ళు తెచ్చిన టేకు బీరువాల గురించి గొప్పగానే చెప్పుకున్నారు. వాళ్ళకు పరాయిదేశం మీద మనసుందని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. అదే మర్యాద మాకెందుకు లేదన్నదే ప్రశ్న.

విమానం వచ్చాక కూడా చాలాకాలం పేదవాడు ఓడలోనే వెళ్ళాడు. విమానం టిక్కెట్టు ఖరీదు. 1995తో బొంబాయి, జిద్దా హజ్ ఓడలు ఆగిపోయాయి. ఆ తర్వాత అందరికీ ఆకాశమే.

హైదరాబాదు నుంచి జిద్దాకు గీత గీస్తే 4,100 కిలోమీటర్ల పైన. నేరుగా వెళ్ళే విమానం ఆరు గంటలకు అటూ ఇటూగా చేరుస్తుంది. తిరిగి వచ్చేప్పుడు అదే దూరం అయిదు గంటల పైచిలుకే. అదెలాగని అడిగే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పై ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి వెళ్ళేప్పుడు ఎదురు తగులుతుంది, వచ్చేప్పుడు వెనకనుంచి తోస్తుంది. మెథ్వోల్డ్ కాలంలో గాలి నెలల్ని నిర్ణయించింది, ఇప్పుడు ముప్పావుగంటో గంటో నిర్ణయిస్తోంది. గాలి పెత్తనం పూర్తిగా పోలేదు. జిద్దా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అందువల్ల పొద్దున్న ఆరింటికి ఎక్కినవాడు ఆరుగంటలు కూర్చుని, దిగి చూస్తే అక్కడ తొమ్మిదిన్నరే అయి ఉంటుంది. రంజాన్‌లో ఉమ్రాకు వెళ్ళేవాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు. ఇక్కడ సహరీ తిని పగటి విమానం ఎక్కితే సూర్యుడితో పాటు పడమటికి పరిగెత్తడమే. ఆనాటి ఉపవాసం రెండు గంటల పైన సాగుతుంది.

ప్రయాణం పొట్టిదవడంతో ఆచారాలు కూడా సర్దుకున్నాయి. మక్కాకు వెళ్ళేవాడు మీఖాత్ అనే హద్దు దాటకముందే ఇహ్రాం కట్టాలి. సముద్రం మీద వెళ్ళేవాళ్ళకు యలమ్‌లమ్ హద్దు. ఓడ అక్కడికి చేరబోతోందంటే కూత వేసేవాళ్ళు. స్నానం చేసి, రెండు తెల్లబట్టలు చుట్టుకుని, లబ్బైక్ చదువుకోవడానికి కావలసినంత సమయం. విమానంలో 'మీఖాత్ వస్తోంది' అని మైకులో చెప్పిన కాసేపటికే దాటిపోతుంది. ఆ ఇరుకు మరుగుదొడ్డిలో బట్టలు మార్చుకోవడం ముసలివాళ్ళ వల్ల కాదు. అందుకే చాలామంది ఇక్కడే, హైదరాబాదు నాంపల్లి హజ్ హౌస్‌లోనే స్నానం చేసి ఇహ్రాం బట్టలు కట్టేసుకుంటారు. అంటే యాత్ర ఇక్కడే, తెలుగునేల మీదే మొదలవుతుందన్నమాట.

హజ్ సబ్సిడీ గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. 'మా పన్నులతో మీరు మక్కా పోతున్నారు' అని మమ్మల్ని ఏళ్ళ తరబడి దెప్పారు. ఆ డబ్బు హాజీ చేతికి ఏనాడూ రాలేదు. విమానం ఛార్జీల కింద ఎయిర్ ఇండియాకు వెళ్ళింది. తక్కువ ధరకు దొరికే విమానం చూసుకునే స్వేచ్ఛ లేకుండా కట్టేసి, ఎక్కువ ఛార్జీ వేసి, ఆ ఎక్కువలో కొంత తగ్గించి, దానికి దానమని పేరు పెట్టారు. పదేళ్ళలో ఎత్తెయ్యమని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. 2018లో ప్రభుత్వం ఎత్తేసింది. ముస్లింలలో చాలామంది 'పీడా పోయింది' అనుకున్నారు. దెప్పేవాళ్ళు మాత్రం ఆ సంగతి విననట్టే ఉన్నారు.

2023 జూన్‌లో మొదటిసారి గన్నవరం నుంచి హజ్ విమానాలు ఎగిరాయి. పాలకొల్లు వాళ్ళకు హైదరాబాదంటే నాలుగువందల కిలోమీటర్ల పైన, రాత్రంతా బస్సో రైలో. గన్నవరం రెండు మూడు గంటల దారి. మచిలీపట్నం ఓడలు ఆగిపోయిన ఎన్నో తరాలకు కోస్తా హాజీకి మళ్ళీ ఇంటిపక్క రేవు దొరికినట్టయింది. అయితే అక్కణ్ణించి ఛార్జీ హైదరాబాదుకంటే తలకు దాదాపు 80 వేల రూపాయలు ఎక్కువగా తేలింది. ఆ ఏడు 1,813 మందికి ఆ తేడా కింద రాష్ట్ర ప్రభుత్వం 14 కోట్ల 51 లక్షలు కట్టింది. దగ్గరితనానికి ధర ఎక్కువ. యాత్రికులు తక్కువైనచోట విమానం ధర పెరుగుతుందని వ్యాపారం తెలిసినవాళ్ళు చెబుతారు. మైనారిటీ అంటే ఏమిటో ఆ ఒక్క టిక్కెట్టు చూసి అర్థం చేసుకోవచ్చు.

ఇంతా చేసి, ఇవాళ గోదావరి డెల్టా నుంచి అరబ్బుదేశాలకు ఎక్కువగా వెళుతున్నదెవరు? హాజీలు కాదు. నర్సాపురం, మొగల్తూరు, పాలకొల్లు, ఆచంట వైపు ఏ ఊరికైనా వెళ్ళి అడగండి. కువైట్‌కో, మస్కట్‌కో, దుబాయికో వెళ్ళిన ఆడవాళ్ళు లేని వీధి అరుదు. వాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు కారు. దళితులు, వెనకబడిన కులాలవాళ్ళు, కాపులు. హిందువులు, క్రైస్తవులు. ఖద్దామా వీసా మీద ఇంటిపనికి వెళతారు. ఈ పనికి వెళ్ళే ఆడమనిషికి ముప్పై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నిబంధన. దాన్ని దాటించడానికి ఏజెంట్లు ఏం చేస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు. హైదరాబాదు నుంచి కువైట్ సుమారు అయిదు గంటలు. వెళ్ళడానికి అయిదు గంటలు, రావడానికి కొందరికి అయిదేళ్ళు.

ఈ సంబంధం కూడా నిన్నటిది కాదు. కువైట్‌లో 1961 దాకా, ఒమాన్‌లో 1970 దాకా చెలామణి అయింది మన రూపాయే. 1959లో రిజర్వుబ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు, హాజీల కోసం వేరే హజ్ నోట్లు ముద్రించింది. అప్పుడు అరబ్బులు మన నోటు లెక్కపెట్టుకున్నారు. 1973 తర్వాత చమురు ధర పెరిగాక మనం వాళ్ళ దీనారును లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాం. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకున్న లక్షా డెబ్భై వేలమందికి పైగా భారతీయులను అమ్మాన్ నుంచి 488 విమానాల్లో బొంబాయి చేర్చారు. రెండు నెలలు పట్టింది. ఆ విమానాల్లో తెలుగువాళ్ళు చాలామంది. ఎవరు ఏ మతమని ఆ మెట్ల దగ్గర ఎవరూ అడగలేదు.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. పాలకొల్లులో ఇవాళ అరబ్బీ మాట్లాడగలిగినవాళ్ళు ఎవరని వెతికితే, పదేళ్ళు కువైట్‌లో వంట చేసి వచ్చిన మాలపల్లె ఆడపడుచు దొరుకుతుంది. మసీదులో మేం చదివే ఖురాన్‌లో మాకు అక్షరం తెలుసు, స్వరం తెలుసు, అర్థం కోసం మళ్ళీ తెలుగు అనువాదం తెరవాలి. ఆవిడకు అరబ్బీలో ఉప్పు అడగడం తెలుసు, జీతం అడగడం తెలుసు, యజమానురాలి తిట్లన్నీ తెలుసు. ఆవిడను మాత్రం ఎవరూ 'నీ మనసు అరేబియాలో ఉంది' అనరు. ఆవిడ పంపిన డబ్బుతో కట్టిన డాబాను చూసి 'కష్టపడి కట్టింది' అంటారు. నిజంగానే కష్టపడి కట్టింది. అరేబియాకు వెళ్ళడం ఈ డెల్టాలో తప్పు కాదు. బతుకు కోసం వెళ్ళినవాళ్ళు బిడ్డలు, మొక్కు కోసం వెళ్ళినవాళ్ళు పరాయివాళ్ళు.

మిగిలింది మూడో 'అక్కడ', కరాచీ. మా ఇంట్లో పెద్దాయన హజ్ కోసం పాస్‌పోర్టుకు పెట్టుకుంటే విచారణకు వచ్చినతను ఊరు, వృత్తి, కేసులు అడిగాక, పెన్ను కాస్త ఆపి, 'పాకిస్తాన్‌లో చుట్టాలెవరైనా?' అన్నాడు. పెద్దాయన జీవితంలో పడమట ఏలూరు దాటింది తక్కువ. చుట్టాలున్నది భీమవరంలో, తణుకులో. 'పెనుగొండలో ఉన్నారు బాబూ' అన్నాడు. వచ్చినతను నవ్వి రాసుకున్నాడు. మేమూ నవ్వాం. ఆ ప్రశ్న పక్కింటి కువైట్ పాస్‌పోర్టుకు రాలేదని తర్వాత తెలిసింది.

పొమ్మనేవాళ్ళ సౌకర్యం కోసం ఆ దారి కూడా చెబుతాను. హైదరాబాదు నుంచి కరాచీకి నేరుగా విమానం లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత ఒకరి విమానాలకు మరొకరు ఆకాశం కూడా మూసేశారు. భూమి మీద వాఘా దారినీ మూసేశారు. 1,800 కిలోమీటర్ల గీత అలా గీతగానే ఉండిపోయింది. వెళ్ళి తీరాలంటే ముందు వీసా దొరకాలి. అది దొరికిందే అనుకుందాం. నాలుగు గంటలు ఎగిరి దుబాయి వెళ్ళాలి. అక్కడ గంటల తరబడి కూర్చుని, మరో రెండు గంటలు వెనక్కి తూర్పుకు ఎగరాలి. ఈలోగా అదే వేళకు హైదరాబాదులో జిద్దా విమానం ఎక్కినవాడు దిగి, ఎనభై కిలోమీటర్లు బస్సులో మక్కా చేరి, కాబా చుట్టూ ఒక తవాఫ్ కూడా చేసుకుని ఉంటాడు. నెలా నెలన్నర తర్వాత పెట్టెలో ఖర్జూరాలు సర్దుకుని పాలకొల్లుకు తిరిగీ వస్తాడు.